కఫీల్ కారుకు రాయచోటి సింగారం

చేతికి అందబోయే ఇఖామాను, అంటే గల్ఫ్‌లో ఉండనిచ్చే అనుమతి కాగితాన్ని, చెడగొట్టుకోవడానికి మనిషి ఎంత శ్రద్ధగా పాటుపడగలడో తెలియాలంటే నా సంగతి వినండి. ఎనభైల మొదట్లో కువైట్‌లో నా చేతులతో నేనే చేసుకున్న ఘనకార్యం ఇది.

రాయచోటిలో నేను లారీలకు రంగులు, బొమ్మలు వేసేవాణ్ణి. ఉన్న గొర్రెలన్నీ అమ్మి వీసా కొనుక్కుని, సాల్మియాలో నా వీసాకు పూచీపడ్డ కఫీల్ అబూ ఫహద్ ఇంట్లో గోడలకు రంగులు వేస్తున్నాను. ఆయనకు పాత అమెరికా కారు ఒకటి ఉండేది. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, స్టార్ట్ చేస్తే వీధి చివరి పిల్లులు కూడా లేచి పారిపోయేవి. కుర్రతనంలో ముచ్చటపడి కొన్నాడట. ఉప్పుగాలికి తుప్పు పట్టి, రంగు పొలుసులుగా రాలుతోంది.

"ఎండలు తగ్గేదాకా మేం లండన్‌లో ఉంటాం. ఇంజను చేయించాను. పైసొగసు నీ పని. జనం తిరిగి తిరిగి చూడాలి. ఖర్చుకు వెనకాడకు. బాగుంటే ఇఖామా, లేకపోతే ఊరికి టికెట్" అన్నాడు.

"చూపు తిప్పుకోలేరు బాబా" అన్నాను, నాకొచ్చిన అరవై అరబీ మాటల్లో ఏరుకుని.

తలుపులకు నెమళ్లు వేశాను. బానెట్ మీద సముద్రం, అందులో తెరచాప పడవ. అద్దాలకు ఎర్ర కుచ్చులు, సీట్లకు వంకాయరంగు వెల్వెట్, వెనక బంపర్‌కు దిష్టి తగలకుండా నల్లటి సవరం. పెళ్లికూతురు కూడా అంత మోయదు. అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మా వైపు లారీకి ముందు ఇంటి ఇల్లాలి పేరో కూతురి పేరో లేకపోతే, ఆ బండికి బొట్టు లేనట్టే. పాపం, ఈయన చెప్పడం మరిచిపోయాడని నేనే జాలిపడ్డాను. పనివాళ్లం యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలిచేవాళ్లం. ఇంట్లో వంట చేసే మదనపల్లె లక్ష్ముమ్మను అడిగాను.

"అక్కా, మామా పేరేంది?"

"మామానే."

"అది మనం పిలిచేదిలే. అసలు పేరు?"

"పోయినేడు ఆస్పత్రిలో నూరా అని పిలిచినారు. నీకెందుకు ఆయమ్మ పేరు?"

"కారు మీద రాయాల."

లక్ష్ముమ్మ గరిటె కింద పెట్టింది. "వద్దు నాయనా. ఈళ్లలో మగోళ్లు పెండ్లాం పేరు నలుగుర్లో పలకరు. కొడుకు పేరు పెట్టి ఉమ్ ఫహద్, ఫహద్ వాళ్లమ్మ అంటారు, అంతే."

"నీకు వంట తెల్సు, నాకు బండి తెల్సు."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పేరు పెట్టాను. ముందు అద్దం పైన, బంగారు రంగుతో, మదరసాలో నేర్చిన అరబీ చేతిరాత అంతా కుమ్మరించాను. ఆరాలి కదా అని నాలుగు రోజులు గేటు బయట, వీధివైపు నిలబెట్టాను.

అబూ ఫహద్ వచ్చాడు. నెమళ్లను చూసి నవ్వాడు. సవరం పట్టుకుని "షిను హాదా, ఇదేంటి?" అన్నాడు. దిష్టికని చెబితే "జైన్, బాగుంది" అన్నాడు. ఆ తర్వాత తలెత్తి పేరు చదివాడు. ముఖం కాలిన సైలెన్సర్‌లా అయింది.

"ఎన్నాళ్లుగా బయట ఉంది ఇది?"

"నాలుగే రోజులు బాబా. అందరూ తిరిగి తిరిగి చూశారు."

"ఖలాస్. రేపు టికెట్."

నిజంగా భయమేసింది.

అంతలో మామా వచ్చి కారు ముందు నిలబడింది. పేరును నెమ్మదిగా చదివి, పకపకా నవ్వింది.

"పెళ్లయి ఇరవై ఏళ్లు. నా పేరు నీ నోట ఒక్కసారి వినలేదు" అంది మొగుడితో. "ఈ ఇండియావాడు బంగారంతో రాశాడు. వీడు ఎక్కడికీ పోడు." నా వైపు తిరిగి, "బయట చెరిపేయి. లోపల రాయి, స్టీరింగ్‌కు ఎదురుగా" అంది.

వారంలో నా ఇఖామా పడింది. అబూ ఫహద్ రోజూ ఆ పేరు చదువుకుంటూ కారు నడిపాడు.

ఈ విజయాన్ని క్యాసెట్‌లో రికార్డు చేసి ఇంటికి పంపాను. మా ఆవిడ జైబున్నీసా జవాబు క్యాసెట్‌కు రెండు వైపులా నిండింది. సారం ఇది: "లోకంలో ఆడోళ్ల పేర్లన్నీ బండ్ల మీద రాస్తివి. ఇంటికేసే జాబు మీద కూడా మీ నాయన పేరే రాస్తివి. నా పేరు దేని మీద రాస్తివి?"

పరాయి ఇల్లాలి పేరు ఇక ఏ బండి మీదా రాయనని ఆ రోజే కుంచె పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటినుంచి జాబుల మీద జైబున్నీసా పేరే, అడ్రసుకు చోటు మిగలనంత పెద్దగా రాశాను. మొదటి రెండూ తిరిగి కువైట్‌కే వచ్చాయి.