కుడివైపు నోరున్న శంఖాలు

తుఫాను పెద్దగా నష్టమేమీ చేయకుండా గాల్వెస్టన్ తీరం దాటిపోయిందని టీవీలో చెప్పగానే, టెక్సాస్‌లోని మా ఇర్వింగ్ ఊరు మొత్తానికి చప్పట్లు కొట్టినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎనభైల మొదటి సంవత్సరాలు. నాకు ఏడో నెల. మావారు నా వంకా టీవీ వంకా మార్చి మార్చి చూశారు.

"తుఫాను వెలిశాక బీచ్‌లోకి గవ్వలూ శంఖాలూ కుప్పలుగా కొట్టుకొస్తాయట. రేపు శనివారమేగా, పదండి" అన్నాను.

"శంఖం కోసం అంత దూరం డ్రైవ్ చేయాలా? ఈ కండిషన్‌లోనా?" అన్నారాయన. శంఖం ఎవరికోసమో ఆయనకూ తెలుసు, అందుకే గొంతులో పెద్ద బలం లేదు.

నాకు అమ్మ లేదు. పురిటికి తోడుంటానని అత్తగారు ఆంధ్రా నుంచి ఆరు నెలలు ఉండేలా వచ్చారు. విమానాశ్రయంలో ఆవిణ్ణి చూడగానే నా భయాలన్నీ సగమయ్యాయి. ఇంటికొచ్చి పెట్టె తెరిచేదాకానే ఆ సంబరం. పట్టుచీర మడతల్లో భద్రంగా పెట్టుకొచ్చిన పూజ శంఖం రెండు ముక్కలైపోయి ఉంది.

రోజూ సాయంత్రం దీపం పెట్టి శంఖం ఊదడం ఆవిడ అలవాటు. ఆడవాళ్లు శంఖం ఊదడమేమిటని ఆడపడుచులు మూతులు విరిచేవారట. "మీ అన్నయ్యకి ఉబ్బసం, నాకు ఊపిరుంది, ఊదుతున్నాను" అని వాళ్ల నోళ్లు మూయించేవారట ఈవిడ. మామగారు పోయాక కూడా మానలేదు. అలాంటి మనిషి మా ఇంట్లో దీపం పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవారు. మూడు పూటలా వండేవారు, నా కాళ్లకు నూనె రాసేవారు, నవ్వు మాత్రం లేదు. ఓ రోజు కొడుకుని పిలిచి చెప్పేశారు.

"విరిగిన శంఖం పట్టుకుని కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో అడుగుపెట్టాన్రా. రేపు ఏదన్నా అటూ ఇటూ అయితే నా వల్లే అవుతుంది. టికెట్ మార్పించు, వెళ్లిపోతాను."

మేమెంత చెప్పినా వినలేదు. టికెట్ మార్చమని సోమవారం ఫోన్ చేస్తానని మావారు మాటిచ్చేశారు. కొత్త శంఖం కొనిద్దామంటే, అప్పట్లో మాకున్న ఒక్క ఇండియన్ కొట్టులో కందిపప్పు దొరికితేనే పండగ. కాబట్టి మిగిలింది శనివారం, సముద్రం. కొత్త శంఖం దొరికితే పాత శకునం చెరిగిపోతుందని ఏ శాస్త్రంలో ఉందని అడక్కండి. నా శాస్త్రంలో ఉంది.

పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని తెల్లవారకముందే బయల్దేరాం. వెనకసీట్లో అత్తగారు, "సముద్రం చూసినట్టుంటుందని వస్తున్నాను. శంఖం మాటెత్తకు" అని ముందే హెచ్చరించారు. సరేనన్నాను. ఎత్తను, వెతుకుతానంతే.

ఆ బీచ్‌ని ఏమని చెప్పను! సముద్రం తన ఇల్లంతా దులిపి చెత్త మా ముందు పోసింది. తాళ్లు, చెక్కలు, పీతల బుట్ట, కాలు విరిగిన కుర్చీ, జతలేని జోళ్లు, నురగ, ముక్కు పగిలేలా నాచు వాసన. మధ్యమధ్యలో రంగురంగుల గవ్వలు, ఆల్చిప్పలు. నాకు ఒళ్లు తెలియలేదు. కనబడ్డ ప్రతిదానికీ "అదిగో, అదిగో" అని అరుస్తున్నాను. వంగడం నా వల్ల కాదు కాబట్టి మావారు వంగి తీస్తున్నారు. కాసేపటికి నడుం పట్టుకుని, "నువ్వు తక్కువ చూడవే బాబూ" అన్నారు.

మొదట కరిగింది అత్తగారే. నాచులోంచి ఒక కొబ్బరికాయ దొరికింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. "ఇదెక్కడి చోద్యం! ఈ ఊళ్లో కొబ్బరికాయా?" అని, చీర కుచ్చిళ్లు పైకి దోపి మా కంటే ముందు నడవడం మొదలుపెట్టారు.

ఇంతలో పెద్ద కేక. పరుగెత్తలేక పరుగెత్తాను. అత్తగారు తడి ఇసుకలో చతికిలబడి ఉన్నారు. చేతిలో జానెడు శంఖం, లేత గోధుమరంగు మీద ముదురు చారలు. లోపల ప్రాణి లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"అమ్మాయ్, దక్షిణావర్తం! చూడు, చూడు!"

ఊదే కొసను కిందికి పెట్టి, నోరు మనవైపుకి తిప్పి పట్టుకుంటే మామూలు శంఖం నోరు ఎడమవైపు ఉంటుంది. దీనికి కుడివైపుంది. కుడివైపు తిరిగిన శంఖం కోటికొకటి కూడా దొరకదనీ, దొరికిన ఇంట లక్ష్మీదేవి కాపురముంటుందనీ పెద్దలు చెప్పగా వినడమే గానీ ఆవిడా ఎప్పుడూ చూడలేదట. అలవాటు కొద్దీ పెదవుల దాకా తీసుకెళ్లి, చటుక్కున దించేశారు.

"తప్పు, తప్పు. దీన్ని ఊదకూడదు. పూజలో పెట్టుకోవాలంతే" అన్నారు. ఒక్క క్షణం ముఖం చిన్నబోయి, మళ్లీ వెలిగింది. "లక్ష్మి ఎదురొచ్చిందిరా. ఇంక టికెట్ మాటెత్తకు!"

నా ఆనందం పట్టశక్యం కాలేదు. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. మావారి చెయ్యి పట్టుకుని ఊపేస్తూ ముందుకు నడిచాను. పదడుగులు వేశానో లేదో, నా కాలికి నిజంగానే ఒకటి తగిలింది. మావారు తీసి తిప్పారు. కుడివైపే. దాని పక్కన ఇంకొకటి. కుడివైపే. పక్కనున్న చెక్కల కుప్ప వెనక చూద్దును కదా, చిన్నా పెద్దా కలిపి సంతలో వంకాయల్లా పోసి ఉన్నాయి. ఒక్కదానికీ ఎడమవైపు నోరు లేదు.

కోటికొకటి అనుకున్నది కుప్పగా కనబడితే ఆవిడ లక్ష్మి ఏమైపోతుంది? టికెట్ మాట మళ్లీ వస్తుంది. "ఏమండీ, ఇసుక కప్పండి!" అన్నాను. ఇద్దరం కాళ్లతో గబగబా ఇసుక తోయడం మొదలుపెట్టాం. నిండు కడుపుతో నేను, రెండు చేతుల్లో రెండు శంఖాలతో ఆయన.

"ఏం దాస్తున్నారర్రా అక్కడ?"

అత్తగారు వెనకే ఉన్నారు. మమ్మల్ని పక్కకి తప్పించి, ఒక్కొక్కటే తీసి, తిప్పి చూసి, వరసగా ఇసుకలో పేర్చారు. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని ఆ వరసనంతా ఒకసారి చూసి, పకపకా నవ్వారు. ఆవిడ మా ఇంటికొచ్చాక నవ్వడం అదే మొదలు.

"ఈ దేశంలో కారు కుడిపక్కన నడుస్తుంది. స్విచ్చి పైకి నొక్కితే లైటు వెలుగుతుంది. శంఖం మాత్రం మనలా తిరుగుతుందా? ఇక్కడ ఇదే మామూలు శంఖంరా!" అని, గొంతు తగ్గించి, ఆశగా అడిగారు. "మామూలుదైతే ఊదొచ్చు కదా?"

ఏమని చెబుతాం? ఊదొచ్చు, ఊదొచ్చు అని ఇద్దరం ఒక్కసారే తలలూపాం. మావారు డిక్కీలోంచి రెంచ్ తెచ్చి, ఊదడానికి కన్నం చేద్దామని, ఆవిడకి మొదట దొరికిన ఆ చారల శంఖం కొస మీద తట్టారు. కొస ఊడలేదు. శంఖమే నిలువునా రెండు చెక్కలైంది.

నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది, సోమవారం ఫోను తప్పదనుకున్నాను.

"పోన్లేరా. ఇంకోటియ్యి" అన్నారు అత్తగారు.

కళ్లు తెరిచి చూశాను. ఆవిడ అప్పటికే వంగి, మరో శంఖం ఏరి, ఇసుక దులుపుతున్నారు. రెండోదాని కొస చక్కగా ఊడింది. దాన్ని గట్టు రాళ్ల మీద అరిగేలా రుద్ది, సముద్రపు నీళ్లతో కడిగి, తూర్పుకి తిరిగి నిలబడి ఊదారు. మొదట ఉత్త గాలి, ఇసుక. రెండోసారి నిండుగా పలికింది. దూరంగా కుక్కతో నడుస్తున్న ముసలి దంపతులు ఆగి మావైపు చెయ్యి ఊపారు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగి, కొంగుతో మూతి తుడుచుకుని, కొడుకుని అడిగారు.

"ఒరేయ్, పురుడు పోసే ఆస్పత్రిలో దీన్ని ఊదనిస్తారా?"

"ఊదనివ్వర్లే అమ్మా" అన్నారు మావారు.

"అయితే కారులో కూర్చుని ఊదుతాను" అన్నారావిడ. నాకు ఏడుపొచ్చేసింది. అది చూసి ఆవిడ కొబ్బరికాయ నా చేతిలో పెట్టి, మళ్లీ ఊదడానికి ఊపిరి పీల్చుకున్నారు.