ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పప్పుచారు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఎంత కష్టమొచ్చినా మనిషి అబద్ధం ఆడకూడదన్నది ఒకటి, నేనైతే ఆడనే ఆడలేనన్నది రెండోది. మొదటిదాని మీద నీతిశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఆ పుణ్యాన జర్మనీలో ఒక సదస్సుకు పిలుపొచ్చింది. విమానం ఎక్కడం అదే మొదలు కాబట్టి మా దిల్‌సుఖ్‌నగర్ వీధిలో ఇస్త్రీ బండి నుంచి టిఫిన్ సెంటర్ దాకా అందరికీ చెప్పాను (ఎవరూ అడగకపోయినా). తీరా బయల్దేరే రోజున ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ బంద్. ఆ విమానం తప్పిందంటే ఇంకో టికెట్ కొనే తాహతు నాకు లేదు.

కింది వాటాలో ఉండే నల్గొండ ఆయన్ని అందరం బావ అనేవాళ్లం. ఎయిర్‌పోర్టు దాకా బైక్ మీద దింపుతానన్నాడు. "ఎల్‌బీ నగర్ చౌరస్తాల వంటావార్పు నడుస్తుంది. ఆపితే దవాఖానకు పోతున్నం అంట. నువ్వు కడుపు పట్టుకొని మూల్గు. నోరు మాత్రం తెరవకు, నీ కృష్ణా జిల్లా మాట ఇంటే ఇద్దరం ఆడనే ఉంటం."

"అబద్ధం నావల్ల కాదు బావా. ఎల్లుండి దాని మీదే మాట్లాడాలి."

"మాట్లాడేది ఎల్లుండి గదా. గియ్యాల మూల్గు."

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. అక్కడే వండుకుని అక్కడే తినడం ఆ నిరసన పద్ధతి. బావ "దవాఖాన" అన్నాడో లేదో నేను బైక్ దిగి, "నాకే జబ్బూ లేదండీ. సత్యం గురించి ప్రసంగించడానికి జర్మనీ వెళ్తున్నానండీ" అనేశాను. అందరూ మా వైపు తిరిగారు. బావ హెల్మెట్ తీయలేదు. కండువా వేసుకున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, మైకు చేతికిచ్చి, "ఆడ జెప్పేది మాగ్గూడ జర చెప్పు" అన్నాడు. చెప్పాను. ఉపోద్ఘాతం అయ్యేసరికి ముందు వరుస మొత్తం పొయ్యిల దగ్గరికి చేరింది. అసలు విషయంలోకి దిగుతుండగా పెద్దాయన మెల్లగా మైకు తీసుకుని, "బిడ్డా, నువ్వు పో. కానీ తిని పో, తినకుంట ఎవ్వర్ని పంపం" అన్నాడు.

పప్పుచారు వడ్డించిన అక్క "ఎట్లుంది?" అని అడిగింది.

"ఉప్పెక్కువైందండీ."

బావ కళ్లు మూసుకున్నాడు. ఆమె మాత్రం నవ్వి, "పొద్దటి సంది అందరు మంచిగుందనే అంటున్నరు" అంటూ గుండిగలో నీళ్లు పోయించింది. వాళ్లే అడ్డం పెట్టిన రాళ్లు జరిపారు. విమానం అందింది.

జర్మనీలో ప్రసంగం పూర్తిగా సాగింది (అక్కడ మైకు ఎవరూ తీసుకోరు). ఆ సాయంత్రం ప్రొఫెసరుగారింట్లో భోజనం. ఆయన భార్య ఉప్పూ కారం లేని బంగాళాదుంపలు, పులిసిన క్యాబేజీ వడ్డించి ఎలా ఉందని అడిగింది. చాలా బాగుందన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఆవిడ సంతోషించి మళ్లీ వడ్డించింది. అదీ తిన్నాను.

తిరిగొచ్చి చెబితే బావ పడీపడీ నవ్వాడు. "మరి చౌరస్తాల మా అక్కకేంది అట్ల చెప్పినవ్?"

"ఏమో బావా. అప్పుడు మనింట్లో తింటున్నట్టనిపించింది."

బావ నవ్వు ఆపాడు. ఆ తర్వాత వాళ్లింట్లో పప్పుచారు కాచిన రోజున ముందు నాకే ఒక గిన్నె పైకి పంపేవాడు, ఉప్పు చూడమని. ఆ వాటాలు ఖాళీ చేసి ఇద్దరం ఎప్పుడో తలో దిక్కుకి వెళ్లిపోయాం. ఇప్పుడు ఎవరింట్లో ఏం పెట్టినా బాగుందనే అంటున్నాను.