మగ్గమెక్కిన టీకాల నర్సయ్య మామ

నిన్న పొద్దున మంచిర్యాల నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, నర్సయ్య మామ పోయిండు."

ఏ నర్సయ్య మామ అని అడిగాను.

మాకున్నది ఒక్కడే నర్సయ్య మామ. అయినా అడిగాను. మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నా కొత్త కళ్లద్దాలు చూసి వెక్కిరించిన మనిషి.

మామ మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఒక్కగానొక్క తమ్ముడు. ఆ రోజుల్లో మశూచి టీకాలు వేసే గవర్నమెంట్ ఉద్యోగం. సైకిల్ మీద ఊరూరా తిరిగేవాడు. చివరికి ఉట్నూర్ అడవి ఊళ్లలో కూడా సర్వీస్ చేశాడు.

కరోనా టీకా వచ్చినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో అందరం ముందు నువ్వంటే ముందు నువ్వని వెనకాడుతున్నాం. ఎనభై దాటిన మామ వేయించుకుని వచ్చి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "నాకేం కాలే. మీరు జర లేచి పోండ్రి."

ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలుసు. కళ్లారా చూశాను.

అప్పుడు నాకు ఏడేళ్లు. సిరిసిల్లలో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, మగ్గం నేసేవాడు. మామకు ఆ పని నేర్పింది కూడా బాపే. నేర్పిన పని వదిలేసి ఉద్యోగంలో చేరాడని బాపుకు ఒళ్లుమంట. మామ ఇంటికొస్తే సరిగ్గా మాట్లాడేవాడు కూడా కాదు.

ఆ ఏడు పక్క వాడలో మశూచి వచ్చింది. అమ్మవారు పోసిందని ఇళ్ల ముందు వేపమండలు కట్టారు.

మామ టీకాల పెట్టెతో ముందు మా ఇంటికే వచ్చాడు. అవ్వకు, తమ్ముడికి, నాకు వేశాడు. చిన్న చక్రం లాంటిది భుజం మీద పెట్టి తిప్పేవాడు. నేను వాడంతా వినపడేలా ఏడ్చాను.

బాపు మాత్రం మగ్గం గుంతలోంచి లేవలేదు.

టీకా వేస్తే చెయ్యి వాచి, జ్వరం వచ్చి, వారం పని ఆగిపోతుంది. నేతగాళ్ల భయమంతా అదే. మగ్గం ఆగితే నూలిచ్చే సావుకారు ఇంకొకరిని చూసుకుంటాడు.

"చెయ్యి వాస్తె మగ్గం ఎవలు నేస్తరు? నువ్వు నేస్తవా?" అన్నాడు బాపు.

"నేస్త బావా. చెయ్యి చాపు."

అవ్వ కళ్లనీళ్లు చూసి చాపాడో, మామ పంతం చూసి చాపాడో తెలియదు. చాపాడు.

మామ మాట నిలబెట్టుకున్నాడు. తెల్లారగానే వచ్చి మగ్గమెక్కేవాడు. ఎండెక్కాక టీకాల డ్యూటీకి పోయేవాడు. సాయంత్రం మళ్లీ మగ్గం. బాపు జ్వరంతో మంచంలో పడుకుని, చప్పుడు విని తిట్టేవాడు. "పోగు తెగింది, సూస్కో. బట్ట నేస్తున్నవా, గోనెపట్ట అల్లుతున్నవా?"

మామ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే నేత ఘోరంగానే ఉంది.

పక్షం తిరిగేసరికి మశూచి మా వాడకొచ్చింది. టీకా వద్దని తలుపేసుకున్న ఎదురింటి మల్లయ్య పెద్దబాపు చనిపోయాడు. ఆయనా బాపూ రోజూ కలిసి చాయ్ తాగేవాళ్లు. బాపుకు ఏమీ కాలేదు.

మర్నాడు మామ టీకాల పెట్టె బాపే చేతిలో పట్టుకుని, మామ వెంట ఇల్లిల్లూ తిరిగాడు. "నీ మగ్గం నేను నేస్త. చెయ్యి చాపు" అని ఒక్కొక్కరినీ ఒప్పించాడు. అన్నట్టుగానే నేశాడు. చెయ్యి మానినవాళ్లు పక్కింటి మగ్గం ఎక్కారు. అలా వంతులు వేసుకుని వాడంతా టీకా వేయించుకుంది. అన్నాళ్లూ మా మగ్గం మీద మామే.

ఆ తర్వాత మా వాడలో మశూచితో ఎవరూ పోలేదు.

బాపు ఇంకో ముప్పై రెండేళ్లు బతికాడు. దగ్గరుండి నా పెళ్లి చేశాడు. నా ఇద్దరు పిల్లల్నీ భుజాన వేసుకుని తిప్పాడు.

మామా, అవన్నీ నువ్వు ఇచ్చినవే. కలిసినప్పుడల్లా నీ నేత మీద జోకులేశాను గానీ, ఈ మాట ఒక్కసారి కూడా నీ ముందు అనలేదు. నీకు తెలుసులే అనుకున్నాను.

ఈరోజు చెప్తున్నా. నాకు బాపును మిగిల్చింది నువ్వు.

పోయి రా మామా. నీకు హాయిగా నిద్ర పట్టాలి.