ఫ్యాన్ కింద రెండు ఆంప్లిఫయర్లు

ముప్పై ఎనిమిది వేలు చెప్పిన ఆంప్లిఫయర్‌ను ముప్పై ఒక్క వేలకు దించాను. ఆఖరి రెండు వేలు ఎలా తగ్గాయో తెలుసా? నచ్చకపోతే వారంలో వాపసు ఇవ్వొచ్చన్న షరతును బిల్లు మీద నేనే కొట్టేయించాను. ఇంత నేర్పుగా మోసపోయినవాడు వరంగల్ బట్టల బజారులో మరొకడు లేడు.

హైదరాబాద్‌లో అది అమ్మిన దుకాణంవాళ్లు వినిపించే గది గోడలన్నీ మెత్తలే. తలుపు వేస్తే నా ఊపిరి నాకే వినబడింది. అక్కడ వీణ తీగ మీద గోరు జారడం కూడా తెలిసింది. వరంగల్‌లో నా గది మా చీరల దుకాణం పైన. నెత్తిన కరకరలాడే ఫ్యాన్, మూలన ఫ్రిజ్, కిటికీ పక్కనే పిండి గిర్ని.

నా పాత ఆంప్లిఫయర్ కొనడానికి తొర్రూరు నుంచి ఒకతను ఆదివారం వస్తానన్నాడు. ఆ పొద్దున మా బాపు పైకొచ్చాడు. నాన్న నలభై ఏళ్లుగా చీరలమ్ముతున్న మనిషి.

"ట్యూబులైటు కింద రంగు జూసి మనం సరుకు కొంటమారా? బయట ఎండల వట్టి జూస్తం. నువ్వేమో వాని మెత్తల గోడల అర్రల ఇని తెచ్చినవ్."

"తేడా ఉన్నది బాపూ. నాకు ఇనవడ్తది."

"ఇనవడితే పాతది అమ్ముదువు. లేకపోతే కొత్తది పోతది. సరేనా?"

రెండింటి శబ్దం సమానం చేసి దుప్పటి కప్పాను. బాపు స్పీకరు తీగలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాడు, నేను గోడవైపు తిరిగి ఏది మోగుతోందో చెప్పాను. పదింటిలో ఐదు ఒప్పు.

"రూపాయి బిళ్ల ఎగరేసినా గన్నే అస్తయ్," అన్నాడు.

ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి, చెమటలు కక్కుతూ మళ్లీ విన్నాను. ఆరు. "గా గిర్ని జర ఆగితేనా..." అంటుండగానే కరెంటు పోయింది. గిర్ని ఆగింది. ఎంత చక్కటి నిశ్శబ్దమో! రెండు ఆంప్లిఫయర్లూ ఆగిపోయాయి.

"ఇప్పుడిను బిడ్డా," అని బాపు పగలబడి నవ్వాడు.

తొర్రూరు అతను రాగానే కొత్తది చూపించాను.

"ఏం పాడైందన్నా?"

"పాడుగాలే తమ్మీ. నా అర్రల తేడా తెలుస్తలేదు."

"మాది పొలం కాడి ఇల్లు. చప్పుడే ఉండది. ఇరవై ఐదిస్త."

అంత నిజం చెప్పాక ఇక బేరమేముంటుంది? ఇచ్చేశాను. మర్నాడు ఫ్యాన్‌కు బేరింగు మార్పించాను. ఆ తేడా మాత్రం మొదటిసారికే తెలిసింది.

కొన్నది ముప్పై ఒక్క వేలు, బస్సులూ ఆటోలూ ఐదువందల అరవై, బేరింగు నాలుగు వందలు. వచ్చింది ఇరవై ఐదు వేలు. చేతినుంచి పోయింది ఆరువేల తొమ్మిదివందల అరవై.