టికెట్లో కలవని ముఖం

మా పక్కింటి ఆంటీ పోయారన్న కబురు సింగపూరు చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏదో మీటింగు నడుస్తుండగా తెలిసింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పొద్దున నిద్రలోనే వెళ్ళిపోయింది" అన్నాడు. లాప్‌టాప్ మూసి బయటికొచ్చేశాను. ఎక్స్‌పో స్టేషన్‌లో ట్రైనెక్కితే పెట్టె సగం ఖాళీగా ఉంది. అయినా కూర్చోలేకపోయాను. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసన మా ఇల్లున్న బుకిట్ పంజాంగ్ దాకా ఒక కమ్మీ వదిలి ఇంకో కమ్మీ పట్టుకుంటూ నిలబడే వెళ్ళాను. ఎదురుగా ఉన్న చైనీస్ ముసలాయన తన పక్క సీటు చూపించి కూర్చోమని సైగ చేశాడు. తల అడ్డంగా ఊపి తలుపు దగ్గరికి జరిగాను.

ఆ రోజు నుంచీ నాకు కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో గుర్తుండదు. బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టి సగంలో లేచిపోతాను. "ఒకచోట కూర్చోవే బాబూ" అన్నందుకు మా ఆయన్ని కసురుకున్నాను. ఆయన తప్పేం లేదు. నన్ను కూర్చోబెట్టగలిగిన మనిషి ఈ దేశం మొత్తం మీద ఆవిడొక్కరే.

మా వైపు కాస్త కంప్యూటరు తెలిసిన ప్రతివాళ్ళనీ విమానమెక్కించి పంపేస్తున్న రోజుల్లో మేమిక్కడికి వచ్చాం. నాలుగేళ్ళ పిల్ల, ఇద్దరివీ ఉద్యోగాలు, అత్తగారు, అమ్మ అందరూ బాపట్లలో. పక్క ఫ్లాట్ గ్రిల్ వెనక నుంచి ఒక పెద్దావిడ, "ఏటమ్మా, మకాన్ అయిందా?" అని పలకరించింది. తిన్నావా అని అడుగుతోందని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆవిడ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. శ్రీకాకుళం యాసలో సగం అరవం, పావు మలయ్ కలిపి మాట్లాడేది. ఆ మాటల్లో మా అమ్మాయి ఎంత తొందరగా పడిపోయిందంటే, నెల తిరక్కుండా నన్ను కూడా "ఏటమ్మా" అనడం మొదలుపెట్టింది.

బడి నుంచి వచ్చాక పిల్ల ఆవిడ దగ్గరే. నేను సాయంత్రం లిఫ్ట్ దిగి పరుగున వస్తే, ఆంటీ నన్ను సరాసరి పిల్ల దగ్గరికి పోనిచ్చేది కాదు. గుమ్మం పక్కన చెప్పుల అర మీద కూర్చోబెట్టేది. చేతిలో చల్లటి బార్లీ నీళ్ళ గ్లాసు పెట్టేది.

"ఆఫీసు నీ ముఖం మీదే ఉంది. అది దిగినాక నోపలికి రా. పిల్లకి ఆ ముఖం సూపించకు" అనేది.

నాకు ఒళ్ళు మండేది. వంట ఉంది, ఉతుకు ఉంది, పైనుంచి ఫోన్లు ఒకటే మోత. అయినా కూర్చునేదాన్ని. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ముఖంలో ఏం మారేదో తెలీదు గానీ, ఆవిడ చూసి "ఊఁ, పో" అనేది.

ఆవిడ హాల్లో గోడ మీద తాత, నాన్న, భర్త వరసగా ఫ్రేముల్లో ఉండేవారు. నాన్న పక్కన ఒక మేకు ఖాళీగా ఉండేది. ఒకసారి ఊరికే అడిగాను, అమ్మగారి ఫొటో లేదా ఆంటీ అని.

"ఉందమ్మా. నాకాడ నేదు" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ళ చిన్నప్పుడు ఇక్కడ ఫ్లాట్లు లేవు. ఆకుల కప్పుల ఇళ్ళు, కోళ్ళు, బావి. ఆ పల్లెని కంపంగ్ అనేవారు. ఊరు చూడటానికని కార్లలో తెల్లవాళ్ళు వచ్చేవారు. ఒక దొరసాని ఇంటి ముందు ఆగి, వాకిట్లో రుబ్బురోలు దగ్గర పిండి రుబ్బుతున్న వాళ్ళమ్మని ఫొటో తీసింది. జుట్టు ముడి ఊడి, చీర మోకాళ్ళ దాకా దోపుకుని ఉంది ఆ తల్లి. లేచి సర్దుకునే లోపే అయిపోయింది. పంపిస్తామన్నారట. వాళ్ళమ్మ చాలాకాలం పోస్టుమ్యాన్ సైకిల్ చప్పుడు వినపడితే చాలు, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేది. మరుసటేడు జ్వరమొచ్చి పోయింది. వేరే ఫొటో లేదు.

"సేతులు గుర్తున్నాయి. గాజులు గుర్తున్నాయి. ముఖం రాదమ్మా నాకు. ఎంత రమ్మన్నా రాదు. ఏ దేశంలోనో ఎవలింట్లోనో మాయమ్మ పిండి రుబ్బుకుంటా కూకుంది" అంది. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మేకు వైపు చూడలేదు.

ఆ ఏడు కంపెనీలు బోనస్‌లు దండిగా ఇచ్చాయి. తెలిసినవాళ్ళంతా స్విట్జర్లాండ్ పోయి మంచులో ఫొటోలు దిగుతుంటే, మా ఆయన ఆఫ్రికా వెళ్ళి సింహాన్ని చూడాల్సిందేనన్నాడు. ఆంటీ రాకపోతే తనూ రానని పిల్ల ఏడుపు లంకించుకుంది. మా ఆయన వెళ్ళి ఆవిణ్ణి అడిగితే, "సింహాన్ని జూలో సూసీసినాను తంబీ. ఊరుందా అక్కడ? మనుసులుండే ఊరు?" అంది. ఉందంటే మర్నాడే సంచి సర్దేసుకుంది.

కెన్యాలో సింహం కనిపించింది, మా ఆయన జన్మ తరించింది. మూడో రోజు పొద్దున్న ఒక మసాయి పల్లెకి తీసుకెళ్ళారు. చుట్టూ ముళ్ళకంప, లోపల పేడతో అలికిన గుండ్రటి ఇళ్ళు. గేటు దగ్గర టికెట్ తీసుకున్నాం. ఎర్ర దుప్పట్లు కప్పుకున్న మగవాళ్ళు ఎగిరెగిరి ఆడారు. పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించారు. ఆడవాళ్ళు పూసల హారాలు వేసుకుని వరసగా నిలబడి పాడారు. మా వ్యానులో వచ్చిన పదిమందీ కెమెరాలు ఎత్తి ఒకటే క్లిక్కులు. నేనూ ఎత్తాను. ఆంటీ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చుమ్మా తియ్యకు. అడిగినావా?"

ఊరికే తియ్యొద్దని. నేను గైడు వైపు చూశాను. వాళ్ళ ఊరి కుర్రాడే, ఇంగ్లీషు బాగా వచ్చు. "పర్లేదు, ఫొటోలు కూడా టికెట్‌లోనే" అన్నాడు నవ్వుతూ.

"ముఖం కూడా టికెట్లోనే కలిసిపోయిందా తంబీ?" అంది ఆంటీ. నేను ఇంగ్లీషులోకి మార్చబోతే ఆగకుండా తనే అందుకుంది: "ఆస్క్ హర్ ఫస్ట్ లా. కెన్ ఆర్ నాట్?"

వరస చివర నిలబడ్డావిణ్ణి చూపించింది. ముప్పై దాటిన మనిషి, చేతులకి పేడ ఇంకా ఆరలేదు. గైడు ఏదో చెప్పాడు. ఆమె ఆంటీని ఎగాదిగా చూసింది. తర్వాత గబగబా మాట్లాడి ఇంట్లోకి వెళ్ళిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను.

"ఈ బట్టల్లో వద్దంటోంది. ఇవి వచ్చినవాళ్ళ కోసం. మంచి బట్టలు వేసుకొస్తుందట. వాళ్ళమ్మని కూడా తెస్తుందట" అన్నాడు గైడు.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మధ్యాహ్నం ఏనుగుల దగ్గరికి పోవాలి. నా ఆఫీసు ఫోను సిగ్నల్ దొరికినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. వ్యానులో వాళ్ళు గొణుగుతున్నారు. నేను ఎండలో అటూ ఇటూ తిరుగుతూ, "ఆంటీ, వెళ్దాం ఆంటీ, అందరూ ఆగిపోయారు" అంటూనే ఉన్నాను. ఆవిడ కదిలితేగా! లోపల్నుంచి ఎవరో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. వ్యానులోంచి దిగిన ఒకాయన అందులో కూలబడబోయాడు. ఆంటీ చటుక్కున సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి కుర్చీలో పెట్టింది. తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో సీటు పట్టుకోవడానికి సింగపూరోళ్ళు చేసే పనే, చోప్ చెయ్యడమంటారు.

"అమ్మా! ఆంటీ చోప్ చేసేసింది లా!" అని మా పిల్ల గెంతింది. ఆ పెద్దమనిషికి ఏం అర్థమైందో గానీ కూర్చోలేదు.

చివరికి వచ్చిందామె, నీలం పువ్వుల గౌను వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని. తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. పండు ముసలామె, ఒక కన్ను తెల్లబడిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టారు. ఆంటీ వెళ్ళి ముసలామె రుమాలు నుదుటి మీంచి కొంచెం వెనక్కి జరిపింది. "ఇదేంటి, ట్రెడిషనల్‌గా లేదే" అని మా ఆయన నా చెవిలో గొణిగాడు. నేను ఫొటో తీశాను. ఇల్లంతా రావాలని వెనక్కి జరుగుతుంటే ఆంటీ అరిచింది, "ఇల్లొద్దు! ముఖం! పెద్దామె ముఖం బాగా రావాలి!"

వచ్చేటప్పుడు గైడు చెయ్యి పట్టుకుని, పంపిస్తామని చెప్పమంది. ఆమెకి చెప్పాడు. ఆమె మర్యాదగా తలూపింది. ఆ తలూపడం చూసి ఆంటీ ముఖం వాడిపోయింది. వ్యానులో దారంతా ఒక్క మాటే: "నమ్మనేదు. నమ్మనేదమ్మా ఆయమ్మ."

తిరిగి రాగానే పెద్దగా ప్రింటు వేయించి, మనవాళ్ళ కొట్లుండే టెక్కా దగ్గర ఫ్రేముల కొట్టులో ఇచ్చాం. తీసుకోవడానికి వెళ్తే, కొట్టతను ఫ్రేముకి గంధపు దండ తగిలించి, కింద చిన్న ఎర్ర బల్బు బిగించి, పోయిన తారీఖు ఏం రాయమంటారని అడిగాడు. ముసలామె ఫొటో, ఇంత పెద్ద ఫ్రేము. మన జనానికి ఇంకేం తోస్తుంది? ఆంటీ అతన్ని మూడు భాషల్లో దులిపేసింది. "బతికున్న మనిసికి దండేస్తావా! తియ్యి! బల్బు కూడా తియ్యి!" అతను బిక్కచచ్చిపోయి, ఇంతకీ ఈవిడ ఎవరని అడిగాడు. "మా ఊరే" అంది ఆంటీ.

మేము దిగిన లాడ్జి చిరునామాకి పార్సెల్ చేశాను. నేను ఆఫీసు నుంచి రాగానే బార్లీ నీళ్ళకంటే ముందు ప్రశ్న వచ్చేది, "అందిందా?" అని. లాడ్జికి మెయిల్ మీద మెయిల్ కొట్టాను, జవాబు లేదు. కొన్ని నెలలకి, చిరునామాదారు లేరని ముద్ర వేయించుకుని పార్సెల్ వెనక్కొచ్చింది. ఆంటీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "మనమూ ఆ దొరసానిలాగే అయిపోయినాం" అంది. ఆ మాట నన్ను నిలవనీయలేదు. తర్వాతి ఏడు మా కంపెనీకి నైరోబీలో ఒక బ్యాంకు పని వచ్చింది. ఎవరు వెళ్తారని అడగడం పూర్తికాకుండానే చెయ్యెత్తాను. ఆంటీ ఫ్రేముని తన పాత నేత చీరలో చుట్టి ఇచ్చింది.

ఇప్పుడు ఆవిడ పోయారని ఆ ఊళ్ళో చెప్పాలి. గైడు పాత నంబరు మోగడం లేదు. లాడ్జి మూతపడిందంటున్నారు. రోజూ ఏదో ఒక నంబరుకి చేస్తున్నాను. నాకు కాలు నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం. రెండోది మామూలుదే: నాకు ఆ మనిషి కావాలి. సాయంత్రం ఇంటికొచ్చి నా తాళం నేనే తీసుకుని, ఆఫీసు ముఖంతోనే లోపలికి పోతున్నాను.

ఫ్రేము పట్టుకెళ్ళిన ఆ ఏడు, ఒక శనివారం నైరోబీలో బయల్దేరి, ఆదివారం పొద్దున పల్లె చేరాను. గైడు గుర్తుపట్టాడు. అప్పుడు తల్లితో ఫొటో దిగినామె పేడ చేతులు కడుక్కుని వచ్చి, ఫ్రేముకి చుట్టిన చీర మడతలు ఒక్కొక్కటే విప్పింది. అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత నేల మీద కూలబడింది. వాళ్ళమ్మ మొన్న ఎండాకాలంలో పోయిందని గైడు మెల్లగా చెప్పాడు. వేరే ఫొటో ఏదైనా ఉందా అని అడిగాను.

"చాలామంది తీసుకెళ్ళారు" అన్నాడు.

చేరగానే ఫోన్ చెయ్యాలని ఆంటీ నా చేత ఒట్టు వేయించుకుంది. సిగ్నల్ కోసం కంచె పక్కనున్న చీమలపుట్ట ఎక్కాలన్నాడు గైడు. పుట్ట కదా, అలవాటుగా చెప్పులు విడిచి ఎక్కాను. ఆంటీ మొదటి రింగుకే ఎత్తింది.

"అందిందా? పెద్దామె సూసిందా? ముఖం బాగుందందా?"

నేను వెనక్కి తిరిగి కిందికి చూశాను.

"ఏటమ్మా, మాటాడవేటి? సూసిందా?"

ఆమె ఫ్రేముతో నా వెనకే వచ్చింది. ఫోన్ మాట్లాడటానికి చెప్పులు విప్పాలేమో అనుకుందో ఏమో, తనవీ విప్పి పైకెక్కింది. చెయ్యి చాపి ఫోను తీసుకుంది. తన భాషలో మొదలుపెట్టింది, ఆగకుండా, గొంతు పైకీ కిందికీ పోతూ. మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఫోన్లోంచి ఆంటీ తెలుగు బయటికి వినపడుతోంది. గైడు అర్థం చెప్పబోతే ఆమె చేత్తో వద్దంది. ఒకరి మాట ఒకరికి తెలీదు, ఇద్దరూ ఆపడం లేదు. ఎప్పటికో ఆమె మాట ఆగిపోయింది. ఫోన్ని చాచిన చేత్తో దూరంగా పట్టుకుని, రెండో చేత్తో ఫొటోని దాని వైపు తిప్పి నిలబెట్టింది.

అవి ఫోన్లో బొమ్మలు కనిపించే రోజులు కావు. నేను ఫోను దగ్గరికి వంగి, "ఆంటీ, వాళ్ళమ్మని మీకు చూపిస్తోంది" అన్నాను.



"ఆఁ... కనబడతంది" అంది ఆంటీ. "ముఖం బాగా కనబడతందని సెప్పమ్మా."