కెన్నా పిడికిలి, డాక్టరు సంతకం

మా కెర్రన్ రేవులో కెన్నా మెక్‌ఫీ చేతి దెబ్బ తినని మగవాడు లేడంటే అబద్ధమే. పాస్టరుగారు మిగిలారు. పన్నెండో ఏట తెడ్డుతో సొంత బావ చెవి వాయించింది. పెళ్ళయిన తొలివారమే మొగుడి పన్ను ఊడగొట్టి, దాన్ని తనే వెతికి, కడిగి, అతని చేతిలో పెట్టింది. రేవులో చేపల మంచు గది చూసుకునే నాకూ ఒకసారి పారతో పడింది. ఎక్కడో చెప్పను గానీ, నాలుగు రోజులు నించునే టీ తాగాను. తుఫానులో మునిగిపోతున్న ముగ్గుర్ని జుట్టు పట్టి బోటులోకి లాగింది కూడా ఆ చెయ్యే.

కెన్నా పట్టేది పెద్ద డెక్కల రొయ్యలు. మా ఊళ్ళో ఎవరూ తినరు. ప్రాణంతోనే ఫ్రాన్సు వెళ్తాయి. మా దేశం యూరప్ కూటమిలో ఉన్నన్నాళ్ళూ లారీ ఎక్కిస్తే సరిపోయేది. బయటికొచ్చాక ప్రతి సరుక్కీ పశువుల డాక్టరు సర్టిఫికెట్టు, పేజీ పేజీకీ సంతకం. ఆ సంతకం నమూనా అవతలి ఒడ్డు అధికారుల దగ్గర ఉంటుంది. మా రేవుకున్నది ఒక్క డాక్టరు, స్పెయిన్ నుంచి వచ్చిన బక్కపలచని ఇకేర్.

ఆ మార్చి గురువారం కెన్నా ప్రాణమంతా పన్నెండింటి లారీ మీదే ఉంది. ముందువారం ఆమె సరుకు కాగితాల్లో చిక్కుకుని సగం చచ్చి చేరింది. ఇంకోసారి ఇలాగైతే ఐర్లండు వాళ్ళ దగ్గర కొనుక్కుంటానని ఫ్రాన్సు వ్యాపారి ఫోన్లో చెప్పేశాడు.

డాక్టరు నా మంచు గదిలో బల్ల ముందు కూర్చున్నాడో లేదో, కెన్నా మరిది లాకీ తన పెట్టెలు ముందుకు తోశాడు.

"ఏరా, వరస కనబడట్లేదా?"

"వరస నీ పేరున రాసిచ్చారా వదినా? నా రొయ్యలవి ప్రాణాలు కావా?"

"ముందు నీ ప్రాణం చూసుకో."

మాట పూర్తికాకముందే లాకీ మూతి పగిలింది. అతను విసిరిన ఇనుప కొక్కెం నా భుజం పక్కనుంచి వెళ్ళి తలుపులో దిగబడింది. ఆమె మంచు పారతో అతని మోకాళ్ళ మీద కొట్టింది. అతను జుట్టు పట్టి ఆమె తలను గోడకేసి బాదాడు. కనుబొమ్మ చీలి రక్తం కారుతుండగానే కెన్నా మోచేత్తో అతని డొక్కలో పొడిచింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. తెల్లటి మంచు అంతా ఎర్రబడింది. నేను మాత్రం ధైర్యంగా బుట్టల వెనక దాక్కున్నాను.

"ఆపండి! మనుషులేనా మీరు?" అంటూ ఇకేర్ మధ్యలోకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. లాకీ తల వంచి దెబ్బ తప్పించుకున్నాడు. కెన్నా పిడికిలి డాక్టరు చేతికి తగిలింది. చూపుడు వేలు వెనక్కి మడతపడింది.

"అది... సంతకం చేసే చెయ్యా డాక్టరుగారూ?" అంది కెన్నా. ఆమెకి అంత సన్నటి గొంతుందని మాకెవరికీ తెలీదు.

"కాదు, ముక్కు చీదుకునేది!"

"ఇటు పెట్టండి. మా ఆయనకి రెండుసార్లు సరిచేశాను."

పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆయన కేకకి రేవులో పక్షులన్నీ లేచాయి. పుల్ల పెట్టి వేలు కట్టింది. పద్దెనిమిది పేజీలు, పేజీకో స్పెయిన్ బూతు. తన నెత్తురు కాగితం మీద పడకుండా కెన్నా నుదురు ఒత్తి పట్టుకుని నించుంది. లారీ సమయానికే కదిలింది. లాకీ పెట్టెలు మిగిలిపోయాయి. రెండో సర్టిఫికెట్టుకి ఆ వేలు లేవలేదు.

శనివారం లారీ వెనక్కొచ్చింది. సంతకం నమూనాతో కలవలేదట. పెట్టెల్లో ఒక్క డెక్కా కదల్లేదు. వ్యాపారి ఐర్లండు వాళ్ళతో మాట ఖాయం చేసుకున్నాడు. కెన్నా రొయ్యల్ని సముద్రంలో పారబోసి, ఖాళీ పెట్టెలు ఒక్కొక్కటే రాళ్ళకేసి పగలగొట్టింది. చివరికి పిడికిలినే రాతికేసి కొట్టబోతే, విరిగిన పక్కటెముక పట్టుకుంటూనే లాకీ వచ్చి ఆపాడు.

"వదిలెయ్ వదినా. ఈ రేవులో చేతులు బాగున్నవాళ్ళు ఒక్కరైనా మిగలాలి."

లారీ ఎక్కని లాకీ రొయ్యలు, రేవు నీళ్ళలోకి దించిన పెట్టెల్లో బతికే ఉన్నాయి. వాటిని ఆ సాయంత్రం కెన్నా ఇంట్లో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మేమే తిన్నాం. డాక్టరు చేతికి కట్టుంది కనక, ఆయన పళ్ళెంలో డెక్కల్ని కెన్నాయే పిడికిలితో చితక్కొట్టి పెట్టింది.

"మెల్లిగా తల్లీ," అన్నాడు ఇకేర్. "అంత గట్టిగా కొట్టడానికి అది నా వేలు కాదు."