మెట్టు దిగిన పళ్లెం

కరోనా తగ్గాక అనంతగిరికి జనం ఎగబడ్డారు. కొండంతా సీసాలు, ప్లాస్టిక్ కవర్లు. అడవి పాడవకుండా ఉండాలంటే కొద్దిమందినే రానిచ్చి, ఊళ్లలోని ఇళ్లలో ఉంచాలని వికారాబాద్‌లో అధికారులు నిర్ణయించారు. తాండూరు బండలు పరిచిన మా పాత ఇల్లు నిలబడాలంటే అలా వచ్చేవాళ్లిచ్చే డబ్బొక్కటే నాకు దారి.

మొదటిసారి నలుగురు వచ్చారు. వాళ్లకు కొండ చూపించి తీసుకొచ్చినతను ఒకప్పుడు మా గొర్రెలు కాసినవాడే. వసారాలో అందరికీ జొన్నరొట్టెలు వడ్డించాను. అతను మెట్టు కిందే ఆగాడు.

"పైకి రా అన్నా, కలిసి తిందాం," అంది వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి.

"మీరు తినుండ్రి బిడ్డా. నాకు గీడనే అలవాటు. దొర పిలిస్తే గద ఎక్కేది," అని నవ్వాడతను.

అందరూ నావైపు చూశారు. రమ్మంటే చాలు. మా తాత, నాన్న ఎన్నడూ అనని ఆ మాట నేనూ అనలేదు.

అమ్మాయి పళ్లెం పట్టుకుని మెట్టు దిగింది. తక్కిన ముగ్గురూ దిగారు. కిందే కూర్చుని అతనితో కలిసి తిన్నారు.

ఇప్పుడు అతిథులు అతనింట్లోనే దిగుతున్నారు. వాళ్లను కొండకు తీసుకుపోతూ నన్ను చూస్తే, "దొరా, మంచిదేనా?" అని ఇప్పటికీ దండం పెడతాడు. తలూపుతాను. రమ్మనడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.